రాని ఆదివారాల సంతకాలు

ఉప్పల్‌లో మా చెరువు కట్ట మీద ఆదివారం పొద్దున్న పనిచేసే వాలంటీర్లకు ఒక రిజిస్టరు ఉంది. నీలం అట్ట, పొడుగాటి పుస్తకం. ఎడమ పక్కన పేర్లు, పైన వరుసగా ఆదివారాల తేదీలు, మధ్యలో సంతకాల గళ్లు. ఒక జనవరిలో, టీ తాగుతూ కూర్చున్న అరగంటలో, ఆ ఏడాది ఆదివారాలన్నిటికీ అందరిచేతా ఒకేసారి సంతకాలు పెట్టించాను. అప్పుడు దాన్ని తెలివైన పని అనుకున్నాను.

ఆ తెలివి నాకు నాచారంలో అబ్బింది. చదువైపోగానే కోస్తా నుంచి వచ్చి అక్కడి పారిశ్రామికవాడలో ఒక మందుల కంపెనీలో చేరి, రికార్డుల విభాగంలోనే రిటైరయ్యాను. గదిలో వేడి ఎంతుందో, తేమ ఎంతుందో గంటగంటకూ చూసి కాగితం మీద రాయాలి. కొందరు షిఫ్టు చివర్లో కూర్చుని అన్ని గంటలూ ఒకేసారి నింపేవారు. అది తప్పని వాళ్లకు చెప్పడం నా ఉద్యోగం. పై నుంచి తనిఖీ వస్తోందంటే మాత్రం, ఖాళీ గళ్లు కనబడకూడదని వాళ్లతో చెప్పిందీ నేనే. కాగితం నిండుగా ఉంటే పని జరిగినట్టేనన్న నమ్మకం అలా నాలో పాతుకుపోయింది. ఉద్యోగం వదిలాక కూడా అది నన్ను వదల్లేదు.

రిటైరయ్యాక పొద్దున్నే కట్ట మీద నడిచేవాణ్ని. పూజ సామాన్ల కవర్లు, సీసాలు, పాత పరుపులు, ఒడ్డంతా అవే. నడిచేవాళ్లం నలుగురం కలిసి ఏరడం మొదలుపెట్టాం. కొన్నాళ్లకు చెరువుల శాఖ ఇంజినీరు వచ్చింది. మా అమ్మాయి వయసు ఉంటుంది.

"మంచి పనే సార్. కానీ ఇది సర్కారు జాగా. పర్మిషన్ లేకుంట చెత్త తీసినా మట్టి తీసినా మాకు ఒక్కటే. దరఖాస్తు పెట్టుకోండి, నేను ఇప్పిస్త" అంది.

ఇప్పించింది. రెండు పేజీల అనుమతి పత్రం, ఏడాదికోసారి పొడిగించుకోవాలి. దాని షరతులు ఈ రోజు నన్ను నిద్రలో లేపి అడిగినా చెబుతాననుకుంటాను. శాఖ అప్పజెప్పిన పని మాత్రమే చేయాలి. నీళ్లలో ఎవరూ దిగకూడదు. చేతికి గ్లవుజులు, కాళ్లకు బూట్లు ఉండాలి. ప్రతి ఆదివారం పని మొదలయ్యే ముందు కోఆర్డినేటర్ ఈ జాగ్రత్తలు చదివి వినిపించాలి, విన్నాకే సంతకం తీసుకోవాలి. అప్పజెప్పిన పనిలో దెబ్బ తగిలితే వైద్యం శాఖ చూసుకుంటుంది. హద్దు దాటి సొంతంగా ఏదైనా చేస్తే ఎవరి బాధ్యత వారిది.

కోఆర్డినేటర్‌ని నేనే. మెడలో ఫోటో ఉన్న కార్డు వేసుకుని కట్ట మీద నడుస్తుంటే, కంపెనీలో పోయిన కుర్చీ తిరిగొచ్చినట్టుండేది. ఒప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. ఆ చెరువు మీద ప్రేమ ఎంత, ఆ కార్డు మీద ప్రేమ ఎంత అని అప్పుడెవరైనా అడిగితే నిజం చెప్పేవాణ్ని కాదు.

మొదటి నెల షరతులు శ్రద్ధగా చదివాను. జనం కాళ్లు మార్చుకుంటూ నిలబడేవారు. మాలో ఒక ఆటో డ్రైవరు ఉండేవాడు, నోరు ఊరుకునేది కాదు.

"సార్, జాతీయగీతం గూడ నిమిషంల అయిపోతది. గిదేంది సార్, హరికథ."

అందరూ నవ్వేవారు. నేనూ నవ్వి, చదవడం తగ్గించాను. కొత్త సంవత్సరం కొత్త రిజిస్టరు రాగానే పూర్తిగా మానేశాను. అందరినీ టీ బండి దగ్గర కూర్చోబెట్టి, గళ్లన్నీ నింపించాను.

మాలో ఒకామె నాచారంలో ప్యాకింగ్ పని చేసేది, పీర్జాదిగూడ నుంచి వచ్చేది. సొంతూరు కీసర దాటాక. నలభై దాటుంటాయి. వారమంతా ఫ్యాక్టరీలో నిలబడి, ఉన్న ఒక్క సెలవునాడూ చెరువుకు వచ్చేది. ఎందుకమ్మా అంటే, "రేకుల కింద వారమంతా గాలి లేదన్నా. ఈడ గాలి ఉన్నది" అనేది. ఆ రోజు సంతకాలు పెట్టీ పెట్టీ వేళ్లు విదిల్చింది.

"ఏందన్నా, ఆస్తి గిట్ల రాయించుకుంటున్నవా? ఇన్ని సంతకాలు నా లగ్గానికి గూడ పెట్టలే."

"నీకు ఆస్తుంటే రాయించుకుందునమ్మా" అన్నాను. మళ్లీ నవ్వులు.

ఆ ఏడు వినాయక నిమజ్జనాలు అయిపోయిన కొన్ని వారాలకు, అనుమతి పొడిగించే ముందు శాఖవాళ్లు వచ్చి చూస్తారని కబురొచ్చింది. సోమవారం వస్తారు. ఆదివారం చూస్తే మెట్ల పక్కన నీళ్ల మీద గుర్రపుడెక్క చాప పరిచినట్టు కమ్ముకుని ఉంది. దాన్ని తీయడం మా పని కాదు, యంత్రం వచ్చి తీస్తుంది. కానీ మెట్ల దగ్గర నీళ్లు తేటగా కనబడితే ఫోటో బాగుంటుందని నాకనిపించింది. ఆమె మెట్ల దగ్గరే చీపురుతో ఊడుస్తోంది.

"అమ్మా, ఆ నాలుగు మొక్కలు ఇటు లాగేయ్. రెండడుగుల నీళ్లే. నీకు చెరువు కొత్తా?"

ఆమె ఒకసారి నా వైపు చూసింది, ఒకసారి నీళ్ల వైపు. చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, బూట్లు విప్పి దిగింది.

నాలుగో అడుగుకు ఆగిపోయింది. ఎప్పటిదో విగ్రహం లోపలి ఇనుప చట్రంలో కాలు ఇరుక్కుంది. భయపడి గట్టిగా లాగింది. ఊచ కొస పాదం మీద ఇంత పొడుగున చీల్చింది. కేక కూడా వేయలేదు. "అన్నా, జర పట్టుకో" అంది, అంతే. ఆటో డ్రైవరు ఆమెను ఎత్తుకుని దవాఖానాకు తీసుకుపోయాడు. కుట్లు వేశారు. లోపల వేళ్లను పైకి లేపే నరం తెగిందని, పెద్దాసుపత్రిలో ఆపరేషన్ చేయించాలని, ఆలస్యమైతే వేళ్లు లేవవని చెప్పారు. రోజంతా నిలబడి చేసే పని ఆమెది.

ఆ సాయంత్రమే నేను ప్రమాద నివేదిక రాయాలి. అందులో ఒక ప్రశ్న ఉంది: దెబ్బ అప్పజెప్పిన పనిలో తగిలిందా, సొంత నిర్ణయంతో చేసిన పనిలో తగిలిందా? దాని మీద ఆమె ఆపరేషన్ ఆధారపడి ఉందని నాకు తెలుసు. నేనే దింపానని రాస్తే అనుమతి పోతుంది, కార్డు పోతుంది. సొంత నిర్ణయంతో అని రాశాను. జాగ్రత్తలు విన్నట్టు సాక్ష్యంగా రిజిస్టరులో ఆ రోజు గడిని ఫోటో తీసి జతచేశాను. మా కంపెనీలో అయితే ఆ కాగితాన్ని ఎవరూ వేలెత్తి చూపలేరు. ఆ గర్వం కూడా ఒక క్షణం కలిగిందని రాయకపోతే ఈ రాతకు అర్థం లేదు.

సోమవారం వస్తామన్నవాళ్లు ప్రమాదం సంగతి తెలిసి రావడం వాయిదా వేసుకున్నారు. గురువారం పండ్లు పట్టుకుని ఆమె ఇంటికి వెళ్లాను. రెండో అంతస్తులో ఒకటే గది. కాలు దిండు మీద పెట్టుకుని కూర్చుంది. కుర్చీ చూపించింది, మంచినీళ్లు ఇచ్చే వీలు లేదని నొచ్చుకుంది.

"శాఖ నుంచి ఫోన్ చేసిన్రన్నా. ఆపరేషన్ వాళ్లకు సంబంధం లేదంట. నేనే దిగిన్నని నువ్వు రాసినవంట గద?"

"అదేదో ఫార్మాలిటీ అమ్మా. అలాగే రాయాలి అక్కడ."

ఆమె తన కాలి వేళ్లను చూసుకుంది.

"దిగింది నేనే. అవద్ధం కాదు. కని నువ్వు చెప్తే దిగిన. గది రాయనీకి జాగ లేకుండెనా ఆ పేపర్ల?"

జాగా ఉంది. వివరాలు రాయమని నాలుగు గీతలు కూడా వదిలారు. నేను లేచి వచ్చేశాను.

తర్వాతి ఆదివారం కట్ట మీద రిజిస్టరు తెరిచాను. ఎవరొచ్చారో ఎవరు రాలేదో చూద్దామని కాదు, అలవాటు కొద్దీ. ఆ రోజు తేదీ కింద ఆమె సంతకం ఉంది. ఆ సమయంలో ఆమె పీర్జాదిగూడలో దిండు మీద కాలు పెట్టుకుని ఉంది. రిజిస్టరు ప్రకారం మాత్రం ఇక్కడ నా ఎదురుగా నిలబడి, జాగ్రత్తలు విని, సంతకం చేసింది. పేజీ తిప్పాను. వచ్చే ఆదివారం కూడా వచ్చింది. ఆ పై ఆదివారం కూడా. డిసెంబరు చివరి దాకా రెండు కాళ్లతో నడిచి వస్తూనే ఉంది. అక్షరాలు చివరికొచ్చేసరికి కొద్దిగా వంకర పోయాయి. చెయ్యి నొప్పి పుట్టి ఉంటుంది.

మర్నాడు ఆ పుస్తకం సంచిలో పెట్టుకుని శాఖ ఆఫీసుకు వెళ్లాను. ఇంజినీరమ్మాయి బల్ల మీద రిజిస్టరు తెరిచి, రాబోయే నెలల పేజీలు చూపించాను. జనవరి సంగతి చెప్పాను. మెట్ల దగ్గర నేనేమన్నానో, నా మాటలు నావిగానే చెప్పాను. ఇంజినీరు డిసెంబరు చివరి దాకా పేజీలు తిప్పి చూసింది.

"నివేదిక మార్చమని మస్తు మంది వస్తరు సార్ మా దగ్గరికి. తమ మీదికి రాకుండ మార్చమని వస్తరు." పెన్ను, ఖాళీ నివేదిక నా వైపు జరిపింది. "ఈసారి నేను చదువుతుంటే రాయండి. ఒక్కొక్క ప్రశ్న చదువుత."

చదివింది. రాశాను. వివరాల నాలుగు గీతలూ సరిపోక వెనక వైపు కూడా రాశాను.

"పర్మిషన్ ఆపుతం. మీ కార్డు ఇచ్చేయాలె. మీరు మల్ల కోఆర్డినేటర్ కాలేరు" అంది.

"ఆపరేషన్?"

"కోఆర్డినేటర్ చెప్పిన పని అంటే అప్పజెప్పిన పనే. నేను పైకి పంపిస్త. ఈ వారంలనే."

పంపింది, ఆపరేషన్ అయింది. ఆసుపత్రికి వెళ్లి ఆమెకు మొత్తం చెప్పాను, మొదటి నివేదికతో సహా. క్షమించమని అడిగాను.

"కోపం ఉన్నదన్నా" అంది ఆమె. "ఇప్పుడే లేదంటే అవద్ధమైతది. ఉండనియ్యి కొన్నొద్దులు."

ఉండనిచ్చాను. అంతకంటే నేను చేయగలిగిందీ లేదు. ఫ్యాక్టరీవాళ్లు కొన్ని నెలల తర్వాత ఆమెను కూర్చుని చేసే పనికి మార్చి తిరిగి తీసుకున్నారు. బొటనవేలు పక్క వేలు ఒకటి ఇంకా పూర్తిగా లేవదు. మిగతావి లేస్తాయి.

ఎండాకాలం ముందు చెరువుకు అనుమతి మళ్లీ వచ్చింది. ఇంజినీరు కొత్త కోఆర్డినేటర్‌గా ఎవరిని అడిగిందో ఆ ఆదివారం కట్ట మీదికి వెళ్లాకే తెలిసింది. కాలు తెగిన ఆమె మెడలోనే కార్డు ఉంది. చేతిలో రెండు పేజీల కాగితం. ఏడో తరగతితో ఆగిన చదువు, ఒక్కో మాట మీదా వేలు పెట్టి మెల్లగా చదువుతోంది. నేను చదివిన దానికి మూడింతల సమయం పట్టింది. మధ్యలో ఆటో డ్రైవరు నోరు తెరవబోతే, వేలు తీయకుండానే, "నీకు తొందరుంటే ఆటో నడుపుకోపో" అంది. వాడు చేతులు కట్టుకున్నాడు.

చదవడం అయ్యాక సంతకాల వరుస. ఊరికే సంతకం పెట్టనివ్వడం లేదు, ఒక్కొక్కరినీ ఒక షరతు అడుగుతోంది. నా వంతు వచ్చింది. పెన్ను ఇవ్వకుండా నా ముఖంలోకి చూసింది. ఆ నెలల్లో ఆమె నన్ను అలా సూటిగా చూడటం అదే మొదటిసారి.

"అన్నా, ఐదోది ఏంది?"

షరతులన్నీ కంఠతా వచ్చనుకునేవాణ్ని. ఈసారి శాఖవాళ్లు కొత్తవి కలిపి వరుస మార్చారు. నేను పాత ఐదోది చెప్పాను.

"కాదు" అంది. ముఖంలో నవ్వు ఆపుకోవడం కనబడుతోంది. "నువ్వు ఇనలే. ఎనకకు పో, ఇంకోసారి చదువుత."

వెనక్కి వెళ్లి వరుస చివర నిలబడ్డాను. నా ముందు ఉన్నవాళ్లు విసుక్కున్నారు. ఆమె కాగితం మళ్లీ మొదటి నుంచి అందుకుంది, నేను విన్నాను.