గోటికి తగిలిన పగులు

కాలేజీలో మా రోబో జట్టును నడిపించింది మా సీనియర్ ఒకామె. అందరం అక్కా అనేవాళ్లం. దిల్‌సుఖ్‌నగర్‌లో కిరాయికి ఉండేది. ఒకచోట కుదురుగా కూర్చోగా ఎవరూ చూడలేదు. మా చిన్న పోరాట రోబో ముందుభాగంలో గిర్రున తిరిగే ఉక్కు డిస్క్ ఉండేది. దాన్ని ఎన్నిసార్లు మార్చినా అక్కకు తృప్తి లేదు. ప్రతి ఆట తర్వాత దాని అంచు వెంట గోరు పోనిచ్చి చూసేది.

సెమీఫైనల్ గెలిచి మేం గంతులేస్తుంటే ఆ గోరు ఒకచోట ఆగింది.

"పగులొచ్చింది. గీ డిస్క్ తిప్పొద్దు."

"ఒక్క ఆటే కదక్కా! వేరేది కూడా లేదు," అన్నాను.

"ముక్క ఎగిరితే ఎట్ల? బరి చుట్టూ ఉన్న అద్దం అవతల మనుషులున్నరు."

డిస్క్ ఊడదీసి, ఫైనల్‌కు రోబోను ఆయుధం లేకుండానే పంపింది. కాసేపు అది ఎదుటి రోబోను తోసుకుంటూ నిలబడింది కానీ, చివరికి బోర్లా పడింది. ఓడిపోయాం.

ఇంటికి వెళ్లేటప్పుడు మలక్‌పేట దాటేదాకా నేను ఫోన్‌లోనే తలదూర్చి కూర్చున్నాను. మెట్రోలో సీట్లు ఖాళీగా ఉన్నా ఆమె తలుపు దగ్గరే అటూ ఇటూ తిరుగుతోంది.

"కోపమొచ్చిందా?"

"వచ్చింది."

"నాకు మాత్రం గెల్వాలని లేదా?" అంది.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఆమె దిగింది. ఎల్బీ నగర్ దాకా వెళ్లాల్సిన నేనూ ఆమె వెనకే దిగిపోయాను.