వినకుండా చదివిన పాటలు

ఉద్యోగం కొత్త, ఊరు కొత్త, భయం మాత్రం చిన్నప్పట్నుంచీ ఉన్న పాతదే అయిన రోజులవి. ఆ వయసులో ఏ గండం వచ్చినా నాకు తెలిసిన ఉపాయం ఒక్కటే, బట్టీ పట్టడం. ఇంటర్‌లో కెమిస్ట్రీ అలాగే గట్టెక్కింది, ఎమ్మెస్ కూడా ఇంచుమించు అంతే. అమెరికాలో, బెంటన్‌విల్ అనే ఊళ్లో దొరికిన మొదటి కాంట్రాక్టు ఉద్యోగం కూడా అలాగే నిలబడుతుందని నమ్మానంటే తప్పు నాది కాదు, నాకొచ్చిన మార్కులది.

కాంట్రాక్టు పొడిగించడం మా టీమ్ లీడ్ చేతిలో ఉంది. చికాగో పక్కన నేపర్‌విల్‌లో పుట్టి పెరిగిన తెలుగమ్మాయి కాబట్టి మా అపార్ట్‌మెంట్‌లో ఆవిడ పేరు నేపర్‌విల్ అక్క (ఎదురుగా అలా పిలిచే ధైర్యం ఎవరికీ లేదు). పొడిగించకపోతే రెండు నెలల్లో ఇంకో ఉద్యోగమైనా వెతుక్కోవాలి, ఇండియాకి పెట్టెలైనా సర్దుకోవాలి. నాకు తిండి సయించడం మానేసింది. అప్పుడు అదే ఆఫీసులో పనిచేసే మా కరీంనగర్ రూమ్మేట్, అక్క డెస్క్ మీద ఒక ఫ్రెంచ్ గాయని పోస్టర్ చూసొచ్చి దారి చూపించాడు. "ఆమెకు గా సింగరంటే పానం అన్నా. గామె గురించి జర సదువుకో, ఎక్స్‌టెన్షన్ అదే వస్తది."

చదువుకోమన్నాడు కాబట్టి చదువుకున్నాను. ఆ గాయని తన పాటలు తానే రాసి తానే బాణీ కట్టుకుంటుందని, మొదటి ఆల్బమ్ వంటింట్లో కూర్చుని రికార్డు చేసిందని, రెండోదాన్ని ఎవరూ పట్టించుకోలేదని, నాలుగేళ్లు గప్‌చుప్‌గా ఉండి మూడోదాంతో పారిస్‌ని ఊపేసిందని నోట్సు రాసుకున్నాను. ఆరు ఆల్బమ్‌లు, విడుదలైన సంవత్సరాలు, పాటల వరస పట్టిక గీసి ఫ్రిజ్‌కి అంటించాను. పాల కోసం వచ్చినప్పుడల్లా రూమ్మేట్ నాకో ప్రశ్న వేసేవాడు. ఒకరోజు లంచ్‌లో మాట కలిపి మొత్తం అప్పజెప్పేశాను. అక్క ఫోర్కు కింద పెట్టి, ఇన్నాళ్లకి ఆఫీసులో తనలాంటి అభిమాని దొరికాడని మురిసిపోయింది.

తర్వాతి వారం రూమ్మేట్ కారు మొరాయిస్తే, అక్కే తన కారులో ఆఫీసుకి తీసుకెళ్లింది. దారిలో ఏదో పాట వస్తోంది. మాట ఒక్కటీ అర్థం కాలేదు గానీ, పక్కింట్లో ఎవరో బట్టలు మడతపెడుతూ తనలో తాను పాడుకుంటున్నట్టుంది. చాలా రోజుల తర్వాత నా మనసు కాస్త కుదుటపడింది. ఆ హాయిలో ఒళ్లు మరిచి, "ఈవిడెవరో గానీ చాలా బాగా పాడుతోందండీ" అన్నాను.

అక్క నావైపు తిరిగింది. "వెయిట్. ఇది తనే కదా! నువ్వు తన సాంగ్స్ వినలేదు? నెవర్?"

"వినలేదండీ. చదివాను."

కారు పక్కకి ఆపి మరీ నవ్వింది. నాకు మాత్రం కళ్ల ముందు పెట్టెలు కనిపించాయి. ఎందుకు చదివానో ఉన్నదున్నట్టు చెప్పేశాను. అక్క నవ్వు ఆగిపోయింది. "ఎక్స్‌టెన్షన్ లాస్ట్ మంతే అప్రూవ్ చేశాను, పేపర్‌వర్క్ లేట్. నీ కోడ్ బాగుంది, అంతే" అని, పాటని మళ్లీ మొదట్నుంచి పెట్టింది. (లాస్ట్ మంత్ అంటే, నేను పట్టిక గీయకముందే.)

ఇప్పటికి ఆ గాయని పాటలన్నీ విన్నాను. కొత్త ఆల్బమ్ విడుదలైతే ఆ రోజే వింటాను. కానీ పాట మొదలవగానే చెవికంటే ముందు నోరు అందుకుని, ఏ ఆల్బమో ఎన్నో పాటో చెప్పేస్తుంది. ఆ పొద్దున కారులో విన్న పాటని అప్పటిలాగే, ఏమీ తెలియనివాడిలా ఇంకొక్కసారి వినాలని ఉంటుంది. కుదరక, నాలో నేనే నవ్వుకుంటాను. బట్టీ పట్టినదాన్ని మరిచిపోవడం ఎలాగో నాకెవరూ నేర్పలేదు.