అన్నిటికీ ఒకటే మీట

మొన్న నందిగామలో ఒక ఎలక్ట్రానిక్స్ కొట్టాయన నల్లటి రిమోట్ ఒకటి నా చేతిలో పెట్టి, "ఇది నేర్చుకుంటదండి, మీరొక్కసారి చూపిస్తే చాలు" అన్నప్పుడు నాకు ముందు ఆయన మీద, తరువాత ఆ రిమోట్ మీద, కాసేపటికి నన్ను అక్కడికి పంపిన మా ఆవిడ మీద కూడా అనుమానం కలిగింది. అనుమానం పెనుభూతం అంటారు గానీ, ముప్పై ఏళ్ల ఉద్యోగంలో నాకు అన్నం పెట్టింది అదే.

సంగతేమిటంటే, నందిగామలో ఉండే మా అల్లుడు కొత్త హోమ్ థియేటర్ కొనుక్కుని, పాతదాన్ని జగ్గయ్యపేటలోని మా ఇంటికి తెచ్చి బిగించి వెళ్లాడు. టీవీకి ఒక రిమోట్, కేబుల్ డబ్బాకి ఒకటి, సౌండు పెట్టెకి ఇంకొకటి. ఏది ముందో ఏది వెనకో మా ఆవిడకు పట్టుబడలేదు. బొమ్మ వస్తే మాట రాదు, మాట వస్తే బొమ్మ రాదు. ఇక సీరియల్ వేళకు వరండాలో పేపరు చదువుకుంటున్న నన్ను "ఏవండీ, ఒకసారి ఇటొస్తారా" అని పిలిచేది. నేను కాస్త విసుగు నటిస్తూ, కళ్లజోడు సర్దుకుంటూ వెళ్లి మూడూ వరసగా నొక్కి వచ్చేవాణ్ణి. రిటైరయ్యాక ఆ ఇంట్లో నన్ను పిలిచి చేయించుకునే పని అదొక్కటే మిగిలిందని నాకు తెలుసు, అందుకే ఆ పిలుపంటే నాకు ఇష్టం. అటువంటిది ఆవిడే అల్లుడికి ఫోన్ చేసి, అన్నిటికీ ఒకటే మీట ఉండే రిమోట్ ఏదైనా ఉంటుందా అని అడిగిందట. కరెంటు పని తెలిసినవాణ్ణి కాబట్టి ఎంచుకునే బాధ్యత నాకు అప్పజెప్పారు. అత్తా అల్లుడూ కలిసి నా పదవికి ఎసరు పెడుతున్నారేమోనని బస్సులో దారి పొడుగునా ఆలోచించాను.

ఒక్క మీట మాట వినగానే నాకు మా మేస్త్రీ గుర్తొస్తాడు. పేట దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీలో నేను వైర్‌మన్‌గా చేరిన కొత్తలో, సున్నపురాయిని మోసుకెళ్లే బెల్టులు నాలుగుండేవి. చివరి బెల్టును ముందు తిప్పి, ఒక్కొక్కటే వెనక్కి వస్తూ, రాయిని నలగ్గొట్టే క్రషర్‌ను ఆఖరున తిప్పాలి, లేకపోతే రాయంతా దారిలోనే గుట్టపడుతుంది. ప్రతి బెల్టు తిప్పే ముందు మా మేస్త్రీ దాని పొడుగునా నడిచి, ఆ పూట పనిలో ఉన్న ప్రతి మనిషినీ పేరు పెట్టి పిలిచేవాడు. ఎదురుగా నిలబడి ఉన్నా సరే, నోటితో బదులు చెప్పేదాకా మీట ముట్టనిచ్చేవాడు కాదు. కోదాడ వైపు మనిషి, "కనవడితె సాలదు, పలకాలె" అనేవాడు.

కొన్నాళ్లకు కంట్రోల్ రూములో కొత్త మీట పెట్టారు. అది నొక్కితే సైరన్ మోగి, బెల్టులన్నీ వాటంతటవే వరసలో తిరుగుతాయి, ఇక ఎవరూ నడవనక్కరలేదన్నారు. మేస్త్రీ మాత్రం దాన్ని నమ్మలేదు. సైరన్ మోగుతున్నా తన మానాన తాను పిలుచుకుంటూ నడిచేవాడు, వెనకాల కుర్రవైర్‌మన్లమంతా నవ్వుకునేవాళ్లం, అందులో నేనే ముందుండేవాణ్ణి. ఒకరోజు అట్లాగే నడుస్తూ, రెండో బెల్టు కింద రాళ్లు ఎత్తే అక్కను పిలిస్తే బదులు రాలేదు. దుమ్ముకని చెవుల మీదుగా గుడ్డ బిగించి కట్టుకుని, అటు తిరిగి వంగి ఉన్నది. సైరన్ ఆమెకు వినిపించనే లేదు. మేస్త్రీ బెల్టు పక్కన ఆపదకని కట్టి ఉంచిన తాడు లాగి, అది తిరగకుండా ఆపేశాడు. తరువాత కూర్చుని మంచినీళ్లు అడిగాడు. గ్లాసు అందించింది నేనే, ఆ రోజు నుంచి ఇక నవ్వలేదు.

అందువల్ల కొట్టాయన్ని అంత తేలిగ్గా వదలలేదు. టీవీ అప్పటికే వెలుగుతూ ఉంటే ఈ మీట నొక్కితే ఏమవుతుందని అడిగాను. ఆయన బుర్ర గోక్కుని, "ఆరిపోద్దండి, మళ్లీ నొక్కుకోవాలి" అన్నాడు. ఫ్యాక్టరీలో పచ్చ మీట తిప్పడానికి, ఎర్ర మీట ఆపడానికి. రెంటికీ ఒకటే అయితే యంత్రం ఏ స్థితిలో ఉందో దానికేం తెలుస్తుంది? దాన్ని పక్కన పెట్టించాను. రెండోది మూడింటికీ ఒకేసారి ఆజ్ఞలు ఇచ్చేస్తుంది, కేబుల్ డబ్బా నిద్ర లేచేదాకా ఆగదు. మూడోదానికి వెలిగించడం వేరు, ఆర్పడం వేరు, మధ్యలో ఎంతసేపు ఆగాలో కూడా మనమే చెప్పవచ్చు. ఇంకా నాలుగు ప్రశ్నలు వేస్తే ఆయన, "తమరు కొనేది రిమోటాండి, రాకెట్టాండి?" అన్నాడు.

ఆ మూడోదాన్నే కొని ఇంటికొచ్చి రెండు పొద్దుటిపూటలు దాని ముందే కూర్చున్నాను. పాత రిమోట్లను ఒక్కొక్కటిగా దానికి ఎదురుగా పెట్టి ప్రతి ఆజ్ఞా నేర్పించాను. టీవీ వెలుగుతుండగా నొక్కి చూశాను, ఆర్పి చూశాను, మెయిన్ తీసేసి మళ్లీ వేసి చూశాను. మా ఆవిడ తడుముకోకుండా ఆ మీట మీద ఆవిడ బొట్టుబిళ్ల ఒకటి అంటించాను. ఆ సాయంత్రం ఆవిడ నొక్కింది. బొమ్మా మాటా కలిసే వచ్చాయి.

మన కాలంలో మనిషిని పిలవందే ఏ పనీ కదిలేది కాదు, ఇప్పుడు ఎవరినీ పిలవనక్కరలేకపోవడమే గొప్ప. సీరియల్ వేళకు నేను పేపరు పట్టుకుని వరండాలోనే ఉంటాను, ఒక చెవి లోపలికి వేసి. ఉండబట్టలేక నిన్న నేనే లోపలికి వెళ్లి, సరిగ్గా వస్తోందా అని అడిగాను. "బ్రహ్మాండంగా వస్తోందండీ, మీరెళ్లి చదువుకోండి" అంది, టీవీ మీంచి చూపు తిప్పకుండానే. ఎక్కడో ఒకచోట చిన్న తప్పు వదిలేసి ఉండవలసింది. నాకు అది చేతకాదు.