వల పట్టిన చేయి

ఒక అబద్ధాన్ని ఏళ్ళ తరబడి మోస్తున్నాను. చిన్నదే. మూడు మాటలది. "నువ్వే వదులు చేశావు." చట్టహూచీ నది ఒడ్డున నా భార్య శైలజతో అన్నాను. తప్పిపోయిన చేప గురించి ఇంత బరువా అని మీరు నవ్వవచ్చు. నేనూ చాలాకాలం అలాగే సర్దిచెప్పుకున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

మేం అమెరికాలో అల్ఫారెట్టా అనే ఊరికి వచ్చిన కొత్త. రెండువేల ఆరో, ఏడో. ఆ చలికాలంలో శైలజకి ఐదో నెలలో గర్భం పోయింది. తర్వాత ఇంట్లో ఆమె గొంతు వినిపించడం తగ్గింది. ఏం చేయాలో నాకు తెలియలేదు. ఆఫీస్‌లో ఒకతను చేపలు పట్టడం నేర్పితే, మార్చి రాగానే ఆమెనూ వెంట తీసుకెళ్ళాను. లేనియర్ జలాశయం అడుగు నుంచి వచ్చే నీళ్ళు కాబట్టి డ్యామ్ దిగువన నది ఎప్పుడూ చల్లగా ఉంటుంది. ఆ చలికే ట్రౌట్ అనే చేప అక్కడ బతుకుతుంది. పైన్ చెట్ల పుప్పొడి రాళ్ళ మీద, నీళ్ళ అంచున, మా కార్ మీద పచ్చగా పరుచుకుని ఉండేది.

ఆమెకి చేపలు పడేవి. నాకు పడేవి కావు. ఎందుకో చెప్పలేను, ఆమె చేతికి ఓపిక ఎక్కువ. పట్టిన ప్రతి చేపనూ నీళ్ళలోనే కొక్కెం తప్పించి "వెళ్ళు తల్లీ, వెళ్ళు" అని వదిలేసేది. ఆ మాట వింటూ నేను ఖాళీ గాలం చుట్టుకునేవాణ్ణి. సంతోషించానా? సంతోషించాననే అనుకున్నాను.

నా గురించి కొంచెం చెప్పాలి. సాకుగా కాదు. మాది గోదావరి జిల్లాలో ఒకప్పటి జమీందారు కుటుంబం. తాతగారి కాలంలో సగం, నాన్నగారి కాలంలో మిగతాది పోయింది. నా దాకా వచ్చింది నిటారుగా నిలబడే అలవాటొక్కటే. తాతగారు వేటకి వెళితే, పడిన పిట్టను పొదల్లో దూరి తెచ్చే మనిషి వేరే ఉండేవాడట. కాల్చేవాళ్ళు మావాళ్ళు, వంగి ఏరేవాళ్ళు ఇంకొకరు. ఈ తేడా నాకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. అయినా ఒంటబట్టింది.

ఒక శనివారం ఆమె గాలానికి పెద్ద చేప తగిలింది. రీల్ కీచుమంటూ తిరిగిపోయింది. చేప ఒక్కసారి పైకెగిరింది. బంగారు రంగు ఒళ్ళు, ఎర్రటి చుక్కలు. కాస్త దిగువన నిలబడ్డ ముసలి అమెరికన్ తన గాలం పక్కన పెట్టేసి అరిచాడు: "కీప్ ఇట్ అప్, మేడమ్! దట్స్ ఎ బిగ్ బ్రౌన్ ట్రౌట్!"

"ఏవండీ, వల! వల పట్టండి! ఓ మై గాడ్, ఎంతుందో చూడండి, నన్నే లాగేస్తోంది!"

శైలజ నవ్వుతోంది. ఆ చలికాలం తర్వాత ఆమె నవ్వడం అదే మొదటిసారి. ఇది మీరు గుర్తుంచుకోవాలి. నేను ఆ నవ్వు విన్నాను. విని కూడా చేశాను.

చేతివల తీసుకుని నీళ్ళలోకి దిగాను. "గెట్ లో, సర్," అన్నాడు ముసలాయన నాతో. "లోయర్!" మోకాళ్ళేశాను. వల నీళ్ళలో కదలకుండా పట్టుకోవాలి, చేపను ఆమే తల వైపు నుంచి వలలోకి నడిపించాలి. నాకు తెలుసు. ఆమెకి నేర్పింది నేనే. చేప అలిసిపోయి పక్కకి ఒరిగి నా ముందుకొచ్చింది. పైన నా భార్య, పక్కన పరాయివాడు, కింద వల పట్టుకుని వంగిన నేను. ఏరేవాణ్ణి. ఒళ్ళంతా మండింది. తోక వైపు నుంచి వల విసురుగా తోశాను. వల చట్రం గాలం దారానికి కొట్టుకుంది. కొక్కెం ఊడి చేప పోయింది.

చేయి జారిందా? కంగారా? ఎన్నిసార్లు అలా నమ్మాలని చూశానో. లేదు. ఏం జరుగుతుందో తెలిసే తోశాను.

"ఏమైందండీ?"

"నువ్వే వదులు చేశావు."

"నేనా?" రాడ్ వైపు, తన చేతుల వైపు చూసుకుంది. "అవునేమో. సారీ అండీ. మీరు పూర్తిగా తడిసిపోయారు."

ముసలాయన "టఫ్ లక్" అన్నాడు. ఆమెతోనే అన్నాడు, నా వైపు చూడలేదు.

నేను ఇంటికి డ్రైవ్ చేస్తుంటే, శైలజ కిటికీలోంచి చూస్తూ అంది: "నా చేతిలో ఏదీ నిలవదండీ."

ఆమె చేప గురించి మాట్లాడటం లేదు. నాకు వెంటనే అర్థమైంది. అప్పుడు చెప్పి ఉండవచ్చు. ఒక్క మాట చాలు. రోడ్డు వంక చూస్తూ కార్ నడిపాను. వలతో చేసినదానికంటే ఈ మౌనమే పెద్ద తప్పని ఇప్పుడు అనుకుంటాను.

మళ్ళీ ప్రయత్నించవచ్చని డాక్టర్ చెప్పినప్పుడు, "వద్దండీ, నాకు భయం" అంది. తర్వాతా అదే అంది. ఆ భయమంతా నా మాట వల్లే అనను. అదీ ఒకరకం గొప్పలు పోవడమే అవుతుంది. కానీ అందులో నా మాట లేదని కూడా అనలేను. మాకు పిల్లలు లేరు.

ఆ చేప కథను శైలజే స్నేహితుల ఇళ్ళలో చెబుతుంది. క్యాటరింగ్ మొదలుపెట్టమని ఎవరైనా అంటే, "నేనా? చేతికొచ్చిన చేపనే జారవిడుచుకున్నదాన్ని!" అంటుంది. అందరూ నవ్వుతారు. ఆ తర్వాత నా వైపు తిరిగి, ఎంతో ప్రేమగా, "పాపం, ఈయన నా కోసం ఐస్‌లాంటి నీళ్ళలో మోకాళ్ళేశారు. ఈయన వంగడం నేను చూసింది ఆ ఒక్కసారే" అంటుంది. నేనూ నవ్వుతాను. నేను ఆమెను ప్రేమించానని చెప్పడానికి ఆమె ఎంచుకున్న సంఘటన అది.

నిజం చెబితే ఆమె దగ్గర నుంచి అది కూడా తీసేసుకుంటాను. చెప్పకపోవడానికి కారణం అదేనా, లేక ఇంకా వంగలేకపోవడమా? తేల్చుకోలేకపోతున్నాను. చెబుతానని మీకు మాటివ్వను. నా మాట ఎలాంటిదో చూశారు కదా.

ఒక్కటి మాత్రం సరిచేసి రాస్తున్నాను. శైలజ వదులు చేయలేదు. చివరిదాకా గట్టిగానే పట్టుకుంది.