ఎరువుల కొట్టు ముందు ముప్పై గజాలు

ఆ ఏడాది సైకిలు తొక్కిన దూరం కంటే సైకిలు దిగి నడిచిన దూరమే నాకు ఎక్కువ గుర్తు. ఎనభైల మొదట్లో మాట. మా ఊరు ముక్తేశ్వరం వైపు కాలవ గట్టు మీద ఉంటుంది. అక్కణ్ణించి అమలాపురంలో నేను పాఠాలు చెప్పే ఆడపిల్లల బడికి ఆరు మైళ్ళు. ఆగకుండా తొక్కితే ముప్పావు గంట. నాకు మాత్రం గంటంబావు పట్టేది. అది ఎందుకు పట్టేదో తలుచుకుంటే ఇన్నేళ్ళ తరవాత కూడా కుర్చీలో కుదురుగా కూర్చోలేను.

నా ఉద్యోగం పర్మనెంటు కాదు. పురిటి సెలవు మీద వెళ్ళిన టీచరుగారు ఇక రానని రాసేస్తే ఆ ఖాళీలో నన్ను వేశారు. వచ్చే జూన్లో ఉంచుతారో పంపిస్తారో తేలుతుంది. చేరిన వారానికే హెడ్మిస్ట్రెస్ గారు గదిలోకి పిలిచారు. రెండో గంట కొట్టగానే హాజరుపట్టీ ఆవిడ బల్ల మీదికి వెళ్ళిపోతుంది, ఆ తరవాత వచ్చినవాళ్ళ పేరు పక్కన ఎర్రసిరాతో గీత పడుతుంది.

"మీరు పాఠం బాగా చెప్తన్నారండి. పిల్లలకీ మీరంటే ఇష్టంగానే ఉంది. కానీ మూడు గీతలు పడ్డాక మిమ్మల్ని ఉంచమని నేను కమిటీకి రాయలేనండి. ఏవనుకోకండి."

ఏవనుకోకండి అన్నారంటే మా వైపు ఆ మాటకి ఇక తిరుగు లేదని అర్థం.

మా ఇంట్లో అప్పటిదాకా నెలజీతం తీసుకున్న మనిషి లేదు. అందరూ కొబ్బరి తోటల్లో పనిచేసినవాళ్ళే. నాన్న అప్పటికీ చెట్ల మీంచి కాయలు దింపే రోజుల్లో కాయలు పోగుచేసేవాడు, మిగతా రోజుల్లో తోటకు కాపలా ఉండేవాడు. నన్ను మిషను బడిలో చదివించి, టీచరు ట్రైనింగు చేయించి, కువైట్ వెళ్ళిపోతున్న ఒక నర్సమ్మగారి లేడీస్ సైకిలు కొని తెచ్చి గుమ్మం ముందు నిలబెట్టాడు. చీర చక్రంలో పడకుండా వెనక రెండు పక్కలా వల కట్టి ఉన్న సైకిలు అది. మా పేటలో ఆడది సైకిలెక్కడం అదే మొదలు. ఉద్యోగం వచ్చిందన్న సంతోషం నాకు నాలుగు రోజులే. ఆ తరవాత పొద్దున్న లేచిన దగ్గర్నించీ కాలు కాలిన పిల్లిలా తిరిగేదాన్ని. అమ్మ క్యారేజీ సర్దేలోపల నాలుగుసార్లు వీధిలోకి వెళ్ళి ఎండ ఎంత దూరం వచ్చిందో చూసుకునేదాన్ని.

సైకిలు తొక్కడం కష్టం కాదు. దిగడం కష్టం. మా వైపు పెద్దవాళ్ళు ఎదురైతే సైకిలు మీద కూర్చుని పలకరించకూడదు. దిగాలి, దిగి నాలుగడుగులు నడవాలి, వాళ్ళు దాటిపోయాక ఎక్కాలి. పంచె ఎగ్గట్టుకున్న మగవాడికి అది ఒక్క ఊపులో పని. నేను చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో పట్టుకుని, క్యారేజీ తగిలించిన హేండిల్ ఇంకో చేత్తో పట్టుకుని, ఎత్తయిన అరుగో రాయో దొరికేదాకా నడిపించుకుంటూ పోయి, దాని మీద కాలు మోపితే గానీ మళ్ళీ ఎక్కలేను. గట్టు మీద పాస్టరుగారు కనిపిస్తే దిగాలి. వంతెన దగ్గర నాకు ఐదో తరగతి చెప్పిన మాస్టారు కనిపిస్తే దిగాలి. మాస్టారికి వినికిడి తక్కువ, ఒక్కో మాట రెండుసార్లు చెప్పాలి.

"ఏ బళ్ళోనమ్మా?"

"ఆడపిల్లల బళ్ళోనండి."

"ఆయ్, బాగుంది. ఏ బడి అన్నావు?"

ఆయనంటే నాకు ప్రాణం. ఆ పది నిమిషాలూ ఆయన్ని తిట్టుకుంటూనే ఉండేదాన్ని.

నల్లవంతెన దిగి టౌన్లోకి వచ్చాక ఇక ఊపిరాడదు. అటు రావులపాలెం బస్సు, ఇటు రాజోలు బస్సు, మధ్యలో కొబ్బరికాయల లారీ అడ్డంగా పెట్టి డ్రైవరు టీ తాగడానికి పోయేవాడు. రిక్షాలు, పీచు మోపులు ఎత్తిన రెండెడ్ల బళ్ళు, హార్ను కొట్టడం తప్ప ఇంకే పనీ లేని టాక్సీలు. ఆ సందుల్లోంచి నేను సైకిలు తొక్కుకుంటూ పోతుంటే కొట్లలో వాళ్ళు తూకం ఆపి చూసేవారు. నాకది పట్టేది కాదు. నిజం చెప్పాలంటే ఆ రద్దీలో దూరిపోవడం నాకు ఇష్టంగా కూడా ఉండేది. బస్సుకీ బండికీ మధ్య హేండిల్ పట్టేంత జాగా కనిపిస్తే చాలు, గంట కొట్టుకుంటూ వెళ్ళిపోయేదాన్ని. అక్కడ నేను ఎవరి కూతురో ఎవరికీ తెలీదు, నా పని వాళ్ళకి అడ్డురాకుండా పోవడమే.

గడియారస్తంభం ఇవతల ఎరువుల కొట్టు దాకా మాత్రమే ఆ సుఖం.

ఆ కొట్టు మా ఆసామిది. నాన్న కాపలా కాసే తోట ఆయనది. మా ఊళ్ళో పెద్ద మేడ, ఇక్కడ టౌన్లో ఎరువులూ పురుగు మందులూ అమ్మే కొట్టు. పొద్దున్న ఎనిమిదిన్నరకల్లా వచ్చి బయట కుర్చీ వేయించుకుని పేపరు పట్టుకుని కూర్చునేవాడు. నేను ఉద్యోగంలో చేరిన మొదటిరోజే నాన్న చెప్పాడు.

"ఆరి కొట్టు ముందు దిగి నడువమ్మా. ముప్పై గజాలే కదా."

"టౌన్లో కూడానా నాన్నా?"

"టౌనైతే ఆసామి కాకుండా పోతాడేంటి?"

మా ఇల్లున్న నేల ఆయనది. పేటలో చాలామందికి ఇళ్ళ పట్టాలొచ్చాయి. మా వరసలో నాలుగిళ్ళు తోట అంచున ఉండటం వల్ల రాలేదు. పొమ్మంటే పోవాలి. ఆయన ఎప్పుడూ పొమ్మనలేదు. నాన్న ఆ కొట్టు ముందు సైకిలు దిగని రోజూ ఎప్పుడూ లేదు.

కాబట్టి టౌన్లో అన్నిటికంటే రద్దీగా ఉండే చోట నేను సైకిలు దిగేదాన్ని. వెనక బస్సువాడు హార్ను మీద చెయ్యి తియ్యడు. రిక్షావాళ్ళు "ఏంటండి అమ్మగారూ, రోడ్డు మధ్యన" అంటూ చుట్టూ తిప్పుకుపోయేవారు. ఆసామి పేపరు అంచు మీంచి ఒకసారి చూసి మళ్ళీ చదువుకునేవాడు. పలకరింపు లేదు, తల ఊపడం లేదు. నేను దిగానా లేదా అన్నదే ఆయనకు కావాలి. ముప్పై గజాలు దాటినా అక్కడ ఎక్కడానికి అరుగు లేదు. ఇంకో యాభై గజాలు పోతే సోడా కొట్టు మెట్లు, వాటి మీద ఎప్పుడూ ఎవరో ఒకరు కూర్చుని ఉండేవారు. వాళ్ళని లేపి, కాలు మోపి ఎక్కేసరికి బడి మొదటిగంట వినపడేది.

దసరా సెలవులకి ముందే ఒక గీత పడింది. తప్పించుకుందామని వెనక వీధిలోంచి పోయి చూశాను. అక్కడ చేపల గంపలు, వడ్రంగి కొట్ల ముందు రాలిన మేకులు. రెండోరోజే టైరు పంక్చరయింది. సైకిలు తోసుకుంటూ వెళ్ళేసరికి ప్రార్థన కూడా అయిపోయింది. రెండో గీత. హెడ్మిస్ట్రెస్ గారు కలానికి మూతపెట్టి నా మొహంలోకి చూశారు, అంతే. బస్సెక్కుదామంటే అది ముక్తేశ్వరంలోనే నిండిపోయి మా ఊళ్ళో ఆగకుండా పోయేది.

సంక్రాంతి సెలవులయ్యాక ఒక సోమవారం వంతెన మీద ఎద్దు కూలబడింది. బండి తప్పించేసరికి ఇటూ అటూ వాహనాలు బారులు తీరాయి. నేను సైకిలు తోసుకుంటూ, వాళ్ళనీ వీళ్ళనీ బతిమాలుకుంటూ వంతెన దాటి ఎక్కి తొక్కడం మొదలుపెట్టాను. స్తంభం మీది గడియారంలో ఎంతయిందో కనిపిస్తోంది. ఎరువుల కొట్టు దగ్గరపడింది. కుర్చీ బయటే ఉంది. దిగితే మూడో గీత. దిగాలని కాళ్ళకి తెలుసు, బ్రేకు మీద వేళ్ళు బిగుసుకున్నాయి కూడా. అప్పుడు నాలో ఏదో తిక్క లేచింది. బ్రేకు వదిలేసి, గంట మీద బొటనవేలు నొక్కిపెట్టి, ఆ కుర్చీ ముందునించే తొక్కుకుంటూ పోయాను. పేపరు కిందికి దిగడం కంటి చివర కనిపించింది.

రెండో గంట కొట్టేలోపల సంతకం పెట్టాను. ఆ రోజంతా ఏ తరగతిలోనూ కూర్చోలేకపోయాను. నల్లబల్ల మీద లెక్క సగం వేసి కిటికీ దగ్గరికి వెళ్ళేదాన్ని, మళ్ళీ వచ్చేదాన్ని. పిల్లలు ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. నాకు సంతోషంగానూ ఉంది, భయంగానూ ఉంది, రెండూ ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి.

సాయంత్రం అదే దారి. కొట్టు దగ్గరికి రాకముందే నాన్న సైకిలు కనిపించింది. వెనక కొబ్బరాకు మోపులు కట్టే తాడుతో సహా. మా పేట నుంచి ఎరువు బస్తాలకి వచ్చిన బండివాడు పొద్దున్న అంతా చూశాడట, మధ్యాహ్నానికల్లా తోటలో చెప్పేశాడు. నేను అరటిగెలల బండి వెనక ఆగిపోయాను.

నాన్న కాలవ పక్కన నిలబడి ఉన్నాడు, రోడ్డు పక్క మురుక్కాలవ అది. భుజం మీది తువాలు చేతిలోకి తీసుకున్నాడు.

"ఆడపిల్లండి. సీరతో దిగడం ఎక్కడం కట్టమండి. బడికి ఆలస్యమైతే ఉద్యోగం తీసేత్తారంటండి."

ఆసామి నాన్న కంటే పదేళ్ళు చిన్న. అయినా ఆ ఇంట్లో పుట్టిన పిల్లవాడు కూడా నాన్నని ఏరా అనే పిలుస్తాడు.

"ఏరా, నేనేమన్నా అన్నానా? మీ పిల్ల పంతులమ్మయింది, మాకూ సంతోషమే. గంట కొట్టుకుంటా పోయింది, పోనీ. ఇంటికొక్కళ్ళయినా మర్యాద తెలిసినోళ్ళుంటే చాలు."

"ఆయ్, నేనున్నానండి," అన్నాడు నాన్న.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అరటి బండి వెనకనుంచి వెళ్ళి ఏదో ఒకటి అనేయాలనుకున్నాను. అనలేదు. అనివుంటే మేం ఎక్కడికి పోయేవాళ్ళమో నాకు తెలుసు. నాన్న ముప్పై గజాలూ నడిచి, సైకిలెక్కి ఇంటిదారి పట్టేదాకా ఆ గెలల చాటునే నిలబడ్డాను.

ఇంటికెళ్ళాక దెబ్బలాడాను. "నువ్వెందుకు పోయావు? తప్పు నేను చేస్తే నువ్వెందుకు చెప్పుకోవాలి?" అన్నాను. అమ్మ పొయ్యి దగ్గరనుంచి లేచి వచ్చి నన్నే చూస్తోంది. నాన్న కాళ్ళు కడుక్కుంటూ "అన్నం తిను" అన్నాడు. రేపటినుంచి దిగుతాలే, ఉద్యోగం పోతే పోనీ అన్నాను. అది నిజం కాదు. నాన్నకీ అది తెలుసు.

మర్నాడు నేను సైకిలు బయటికి తీసేసరికి నాన్న ఉతికిన చొక్కా వేసుకుని తన సైకిలు పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు.

"ఎక్కడికి?"

"టౌన్లో పనుంది."

గట్టు మీద ఒకరి వెనక ఒకరం తొక్కాం. వంతెన దగ్గర మాస్టారు కనిపిస్తే ఇద్దరం దిగాం. మాట్లాడటానికి నాన్న ఆగిపోయి నన్ను పొమ్మన్నాడు. గడియారస్తంభం ఇవతల మళ్ళీ నన్ను కలుసుకున్నాడు, ఆయాసపడుతూ.

"నువ్వు దిగమాకు. తొక్కేసెయ్. నే దిగుతాను."

నేను మాట్లాడేలోపల కొట్టు వచ్చేసింది. నాన్న దిగాడు. తువాలు భుజం మీంచి చేతిలోకి వచ్చింది. నేను ఆయన పక్కనుంచే తొక్కుకుంటూ దాటాను. "నమస్కారవండి" అన్న మాట వెనక వినిపించింది. ఆసామి పేపరు దించలేదు. మా ఇంటి మర్యాద ఆయనకు అందింది. ఆ రోజు మొదటిగంట కంటే ముందే బడికి చేరాను.

టౌన్లో నాన్నకి ఏ పనీ లేదు. ముప్పై గజాలు నడిచి, వెనక్కి తిరిగి, ఆరు మైళ్ళు తొక్కి తోటకి పోయేవాడు. మర్నాడూ అంతే. ఆదివారాలు తప్ప రోజూ అంతే. మార్చి ఎండల్లో చొక్కా వీపుకి అతుక్కుపోయి ఉండేది. వేసవి సెలవులకి బడి మూసేదాకా నడిచాడు. జూన్లో నన్ను పర్మనెంటు చేశారు. చదవడం రాకపోయినా నాన్న ఆ కాగితాన్ని రెండుసార్లు తిప్పి చూశాడు.

ఆ నాలుగు నెలల్లో వద్దు నాన్నా, రాకు అని ఒకే ఒక్కసారి అన్నాను. గడియారస్తంభం దగ్గర, బస్సు పక్కనుంచి పోతున్నప్పుడు, ఆయనకి వినపడనంత మెల్లగా అన్నాను. తరవాత పెడలు మీద బరువేసి తొక్కాను.