గొట్టంలో గోదావరి

తెలుగువాడు కనబడితే "మీదే ఊరు?" అని అడగడం మనందరికీ ఉన్న అలవాటే. జవాబు విని ఊరుకుంటాం. మా రామదాసు బాబాయ్‌గారు ఊరుకోరు. భుజానికి వేలాడే నీలం ప్లాస్టిక్ గొట్టం మూత తీసి, గోదావరి జిల్లా పాత పటం ఒకటి లాగి, బల్ల దొరికితే బల్ల మీద, దొరక్కపోతే మీ వీపు మీదే పరిచి, మీ ఊరు అప్పట్లో ఉందో లేదో తేల్చేదాకా మిమ్మల్ని కదలనివ్వరు.

అప్పట్లో అంటే పద్దెనిమిది వందల చిల్లర. ఇంగ్లీషువాళ్లు గొలుసులతో నేల కొలిపించి గీయించిన పటాలు. అసలువి ఏవో పెద్ద లైబ్రరీల్లో ఉంటాయట. ఈయన వాటిని కంప్యూటర్లోంచి దింపించి, మేముండే సింగపూర్లోని హౌగాంగ్‌లో జిరాక్సు షాపువాడి ప్రాణం తీసి, దుప్పటంత కాగితాల మీద అచ్చు వేయించుకుంటారు. వాటిల్లో కొండలు గొంగళిపురుగుల్లా ఉంటాయి. సముద్రం నిండా లోతు అంకెలే. ముప్పైల పటం, అరవైల పటం, తొంభైల పటం అని దేని చుట్ట దానిదే. "మొన్న అరవైల్లో తవ్వారు ఈ కాలువ" అంటారు. ఏ అరవైలో తెలీక కొత్తవాళ్లు తలాడిస్తారు.

చిత్రమేమిటంటే ఆయన గోదావరిని ఒక్కసారీ చూడలేదు. పుట్టిందీ పెరిగిందీ సింగపూర్లోనే. వాళ్ల తాత కోరంగి వైపు నుంచి ఓడెక్కి వచ్చాట్ట. ఏ ఊరో ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. ఓసారి వెళ్లి చూసి రావచ్చుగా అంటే, "ఎందుకు తల్లీ, అక్కడ అంతా మార్చేశారు. పటంలో ఉన్నట్టు ఉండదు" అంటారు, తప్పు గోదావరిదే అన్నట్టు.

వాళ్లావిడ పాపమ్మ పిన్ని ఆ గొట్టాన్ని సవతి అంటుంది. బస్సులో సీటు దొరికితే ముందు దాన్ని కూర్చోబెడతాడని ఆవిడ ఫిర్యాదు.

ఓసారి రైలు స్టేషన్లో సంచులు తనిఖీ చేసే చైనా కుర్రాడు, ఆ గొట్టంలో ఏముందని అడిగాడు. అంతకంటే ఏం కావాలి. బల్ల మీద పటం పరిచేసి, నీదే ఊరని అడిగారు బాబాయ్. "హౌగాంగ్ లా, అంకుల్" అన్నాడతను, ఇక్కడివాళ్లు మాట చివర తగిలించే ఆ 'లా' తగిలించి. బాబాయ్ ముఖం చిన్నబోయింది. గోదావరి జిల్లాలో ఊరు లేని ఆ పిల్లాణ్ణి చూసి జాలిపడి, ఫరవాలేదని భుజం తట్టి, సంచీలో ఉన్న అరటిపండు చేతిలో పెట్టి వచ్చారు.

సెంగ్‌కాంగ్‌లో మహీధర్ అని బ్యాంకు ఉద్యోగం చేసే అబ్బాయి పెళ్లిచూపులకి కూడా ఆయన్ని పెద్దరికం కోసం పిలిచారు. అమ్మాయి పెదనాన్న, తరతరాలుగా గోదావరి పక్క మా ఊళ్లో ఆ మేడ మాదేనని చెప్పుకొస్తున్నాడు. గొట్టం మూత ఊడిన చప్పుడు, వాళ్లకి సాయం వెళ్లిన నాకు వంటింట్లోకి వినబడింది. "ముప్పైల్లో మీ ఊరు మడ అడవండీ" అన్నారు బాబాయ్ ఎంతో మర్యాదగా. "ఇదిగో, మీ మేడ దగ్గర లోతు రెండు బారలు." పెదనాన్న లేచి నిలబడ్డాడు. పెళ్లికూతురు ప్రణవి మాత్రం ఫక్కున నవ్వేసింది. ఆ నవ్వు చూసే మహీధర్ సరేనన్నాడు. పెళ్లికి పిలిచేటప్పుడు మాత్రం, బాబాయ్‌గారూ మీరు తప్పకుండా రావాలి, గొట్టం రానక్కర్లేదు అన్నారు.

ఇక మా ఇంటి సంగతి. ఆదివారం పొద్దున్నే వచ్చి మా భోజనాల బల్ల మీద పటం పరిచేవారు. చుట్టలో పడుండే కాగితం కదా, ముడుచుకుపోతూ ఉంటుంది. మూలలకి ఉప్పుడబ్బా, కళ్లజోడు పెట్టె, మా ఆవకాయ జాడీ పెట్టేవారు. అవి చాలవన్నట్టు ఎడమచేతి బొటనవేలు మధ్యలో నది మీద ఆనించేవారు. ఆనించారంటే ఇక వెళ్లేదాకా తియ్యరు. దగ్గొచ్చినా కుడిచెయ్యే, ఫోనొచ్చినా కుడిచెయ్యే.

మావారు సుధాకరరావుగారు ఇక్కడ ఓడలు బాగుచేసే యార్డులో ఫోర్‌మన్. ఆయన పుట్టింది గువ్వలలంకలో. గోదావరి మధ్యలో చిన్న లంక. ఆయన నెలల పిల్లాడప్పుడు నది ఆ లంకని కోసుకుంటూ కోసుకుంటూ మింగేసింది. జనం తలోవైపూ వెళ్లిపోయారు. అందుకే ఇప్పటి పటాల్లో ఆ ఊరు లేదు.

"అప్పటి పటాల్లోనూ లేదు. కాబట్టి లేదు" అనేవారు బాబాయ్.

"మరి నేను పుట్టానుగా."

"ఎక్కడో పుట్టే ఉంటావు. అది నేను కాదనను."

ఇలా ఏళ్ల తరబడి, ప్రతి ఆదివారం. ఆ కేకలకి ఓసారి పక్కింటి మలాయ్ ఆవిడ తలుపు కొట్టి, అంతా క్షేమమేనా అని అడిగింది. మావారు ఆవిడకి పకోడీలిచ్చి పంపారు.

మాకందరికీ కాఫీ స్టీలు గ్లాసుల్లోనే. బాబాయ్‌కి మాత్రం పిడి ఉన్న కప్పులో ఇవ్వమని మావారి ఆజ్ఞ. ఎందుకండీ అంటే, "పెద్దాయన, చెయ్యి కాలుతుంది" అని కిటికీలోంచి బయటికి చూసేవారు.

పోయినేడాది మావారు పోయారు. దాని గురించి ఎక్కువ రాయను. నేను తలుపేసుకున్నాను. మాటలు తగ్గిపోయాయి. మా అమ్మాయి దీక్షిత ఒకరోజు ఫోన్లో వాళ్ల నాన్న ఊరు వెతికి వెతికి, "అమ్మా, అలాంటి ప్లేసే లేదు లా. నాన్న ఊరికే జోక్ చేశారేమో" అంది. పిల్ల తప్పేం లేదు. కానీ నాకు ఆ మాట గుచ్చుకుంది. పుట్టిన నేల లేదంటే, ఆ మనిషిని కొంచెం చెరిపేసినట్టే కదా. ఆ పేరు ఎక్కడైనా ఒక్కసారి నా కళ్లతో చూడాలి, ఈ పిల్లకి ఉందని చెప్పాలి. నాకున్న కోరిక అదొక్కటే.

కర్మకాండలన్నీ అయ్యాక మొదటి ఆదివారమే బాబాయ్ గొట్టంతో దిగారు. అందరిలా ఓదార్చలేదు. పటం పరిచి, వేలు ఆనించి, "కొత్తగా అరవైల పటం దొరికింది తల్లీ. మీ ఆయన ఊరు ఇందులోనూ లేదని చెప్పిపోదామని వచ్చాను" అన్నారు.

నాకు ఒళ్లు మండింది. చాలా రోజుల తరవాత ఏదో ఒకటి మండింది.

"ఎందుకు లేదు? సరిగ్గా చూశారా?"

"రేవు ఏ వైపు ఉండేదో చెప్పు, చూస్తాను."

తూర్పు వైపన్నాను. రామాలయం దాని ఎదురుగా అన్నాను. మా అత్తగారు చెప్పినవన్నీ ఒక్కొక్కటే గుర్తుచేసుకుని చెప్పాను. ఆయన తీరిగ్గా విని, "అలాగా. అయినా లేదు" అన్నారు.

మరుసటి ఆదివారం ఇంకో పటమన్నారు. ఆ పై ఆదివారం మరొకటి. ఆయనతో పోట్లాడాలంటే నాకు పాయింట్లు కావాలి. అందుకని మా ఆడపడుచు రత్తమ్మకి ఊరికి ఫోన్లు చేసి అడగడం మొదలుపెట్టాను. ఖాళీ కడుపుతో ఉన్న పెద్దాయన్ని తిట్టకూడదని బజ్జీలు వేశాను. ఓసారి ఆయనా పాపమ్మ పిన్నీ నన్ను పాసిర్ రిస్ బీచికి లాక్కెళ్లారు. తడి ఇసకలో గొడుగు మొనతో గోదావరి పాయలన్నీ గీసి, నీ లంక ఎక్కడో పెట్టు చూద్దాం అన్నారు. పిడికెడు ఇసక తీసి పెట్టాను. కెరటం వచ్చి తీసుకుపోయింది. "చూశావా, మళ్లీ పోయింది" అన్నారు. నాకు నవ్వొచ్చింది. పిన్ని నా చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడి, నా మొహంకేసే చూస్తోంది.

పోయిన నెల ఆ కప్పు తోముతుంటే పిడి విరిగింది. సరే కదా అని ఆదివారం స్టీలు గ్లాసులోనే కాఫీ ఇచ్చాను. పొగలు కక్కుతోంది. బాబాయ్ దానివైపు పులిని చూసినట్టు చూశారు. కుడిచేత్తో పట్టుకున్నారు, వదిలేశారు. అంచు పట్టుకున్నారు, ఉఫ్ అన్నారు.

"చల్లారనీలే తల్లీ."

"చల్లారితే ఏం బావుంటుంది. తాగండి బాబాయ్."

పాపం, నా మాట తీసెయ్యలేక రెండు చేతులా ఎత్తారు. ఇన్నేళ్లలో మొదటిసారి బొటనవేలు లేచింది.

వేలు ఉన్నచోట కాగితం అరిగి నున్నగా ఉంది. నది మధ్య బియ్యపుగింజంత లంక, పక్కన పేరు. నేను చదివింది ఐదో తరగతే. ఇంగ్లీషు అక్షరాలు మావారే నేర్పారు, రైల్లో తిప్పుతూ స్టేషన్ల పేర్లు చూపించి. కూడబలుక్కుని చదివాను. గువ్వలలంక.

పటం మూల మావారు ఎప్పుడో చిందించిన ఆవకాయ నూనె మరక కూడా ఉంది. అంటే కొత్త పటం, ఇంకో పటం అంటూ తెచ్చినవన్నీ ఈ ఒక్కటే.

బాబాయ్ కళ్లు మూసుకుని కాఫీ మింగి, గ్లాసు పెట్టేసి, కళ్లు తెరవకుండానే వేలు మళ్లీ ఆనించారు. గురి తప్పలేదు.

నేను వంటింట్లోకి వెళ్లి నిలబడ్డాను. అక్కడ విరిగిన కప్పు కనబడింది. అప్పుడు వెలిగింది. పెద్దాయన చెయ్యి కాలుతుందిట. బాబాయ్ ఊరిని వేలి కింద దాచారు. మావారు, ఆ వేలు లేవకుండా పిడి ఉన్న కప్పు ఇప్పించారు. ఊరు దొరికిపోతే ఆదివారం ఏం చేసుకుంటారు మరి, ఇద్దరూ. మధ్యలో అన్నేళ్లూ కాఫీలు కలిపిన పిచ్చిదాన్ని నేను. కొంగు నోట్లో కుక్కుకుని నవ్వాను.

మొహం కడుక్కుని వచ్చి, "అయితే ఇందులోనూ లేదంటారు" అన్నాను.

"లేదు తల్లీ. తొంభైల పటం ఇంకోటి ఉందట. వచ్చే ఆదివారం తెస్తాను."

"తెండి. ఈసారైనా సరిగ్గా వెతకండి."

ఆ సాయంత్రం దీక్షితతో, మీ నాన్న ఊరు ఉందే, నా కళ్లతో చూశానన్నాను. ఎక్కడ, చూపించు అంది. రామదాసు తాతగారి బొటనవేలి కింద అన్నాను. అంతా చెప్పాక అది నవ్వి నవ్వి, కళ్లు తుడుచుకుని, "పద, షాపులు మూసేస్తారు" అంది.

మరుసటి ఆదివారం బాబాయ్‌కి కొత్త కప్పులో కాఫీ ఇచ్చాను. షాపులో ఉన్నవాటిల్లో అన్నిటికంటే పెద్ద పిడి దానిదే. ఆయన పిడివైపు చూశారు. నావైపు చూశారు.

"ఇదేంటి తల్లీ, ఇంత పిడి?"

"పెద్దవారు, చెయ్యి కాలుతుందనీ" అని నేను కిటికీలోంచి బయటికి చూశాను.

బాబాయ్ కుడిచేత్తో కప్పు అందుకుని, ఎడమ బొటనవేలు ఇంకాస్త గట్టిగా నొక్కిపెట్టి, గొంతు సవరించుకున్నారు.

"ఇందులో కూడా లేదమ్మా."