గుండెల మీద కూర్చున్న మామ

నా నోట నిజం అరుదుగా వస్తుందని మా బంధువులందరికీ తెలుసు. హార్స్లీ హిల్స్ మీద చిరుతపులికి దోవ చూపించానంటే పడీపడీ నవ్వి, మళ్ళీ చెప్పమనేవాళ్ళు. పుంగనూరులో ఉండే మా మేనత్త మాత్రం నవ్వేది కాదు. నమ్మేది.

అత్త మొగుడికి కుప్పంలో బట్టల అంగడి. సోమవారం పోతే శనివారం సాయంత్రం బస్సుకు వచ్చేవాడు. అత్త కాపురమంతా ఎదురుచూపే. తొంభైల చివర్లో మామ ఆ అంగడిలోనే కూర్చున్నచోట ఒరిగిపోయాడు.

ఆ తర్వాత కొన్నాళ్ళకు అత్త కాళ్ళు ఉబ్బాయి. మదనపల్లెలో డాక్టరు చూసి, గుండె బలహీనపడి నెత్తురు సరిగ్గా తోడలేకపోతోందని, నీళ్ళు ఊపిరితిత్తుల్లో నిలుస్తున్నాయని చెప్పాడు. ఉప్పు తగ్గించమన్నాడు. నీళ్ళు కొలిచి తాగమన్నాడు. ఒంట్లో నీరు ఒంటేలుగా పోవడానికి మాత్ర రాసిచ్చాడు.

అయినా వాపు మోకాళ్ళ దాకా ఎక్కింది. వెతికితే చాలా మాత్రలు తలగడ గలీబులో దొరికాయి.

"యాల మింగలేదత్తా?"

"మింగితే మీ మామ రాడప్పా."

నేను మాత్రలు ఏరుతుంటే అత్తే చెప్పుకొచ్చింది.

"మద్యానం రోంతసేపు పండుకుంటే వస్తాడు. రొమ్ము మింద కూసుంటాడు. ఊపిరాడదు. ఎంత బరువుండాడో! కుప్పంలో తిండి బాగానే పెట్టిండారు ఆయప్పకి. మాత్ర మింగిన దినం, ఎంతసేపు పండుకున్నా రాడు."

పడుకుంటే ఊపిరాడకపోవడం ఈ జబ్బు గుణమేనని డాక్టరు చెప్పిన మాట చెప్పాను.

"డాక్టరేమన్నా సూసినాడా మీ మామని?" అంది.

నిజం పారలేదు కనుక నాకు చేతనైన పనికి దిగాను.

"మామ నాకూ కనపడినాడత్తా, కుప్పం బస్టాండులో. నీ మింద కూసుంటే మోకాళ్ళు నొస్తాండాయంట. మంచం పక్కన కుర్చీ ఎయ్యమన్నాడు. నిన్ను మాత్ర మింగమన్నాడు."

అత్త లేచి కూర్చుంది.

"పసుపు చొక్కా ఏసుకోనుండాడా?"

"ఆఁ."

"అట్లయితే ఆయప్పే."

మామ పసుపు చొక్కా వేసుకోవడం నేనెన్నడూ చూడలేదు.

ప్లాస్టిక్ వైర్లతో అల్లిన కుర్చీ వేశాం. అత్త మాత్రలు మింగింది. చప్పిడి కూరను తిట్టుకుంటూనే సంగటి తినింది. వాపు తగ్గింది. మధ్యాహ్నాలు వెల్లకిలా పడుకుని హాయిగా నిద్రపోయేది. కథ అల్లింది నేనే, అయినా ఆ కుర్చీలో కూర్చోవడానికి నాకు ధైర్యం చాలేది కాదు. దాని వైర్లు మధ్యలో రోజురోజుకూ కిందికి జారుతూ వచ్చాయి. పాతబడితే వైర్లు జారుతాయని ఎవరైనా అంటే ఒప్పుకుంటాను. ఎవరూ అనలేదు.

కొన్నేళ్ళు అలాగే గడిచాయి. ఒక పెళ్ళిలో నా కళ్ళుగప్పి అప్పడాలూ ఊరగాయా కడుపారా తినేసింది. రెండురోజులకే ఊపిరాడక మదనపల్లె ఆసుపత్రిలో చేర్చాల్సివచ్చింది. మంచం తలవైపు ఎత్తి, మూతికి ఆక్సిజన్ పెట్టారు. అత్త దాన్ని పక్కకు జరిపి నా చెయ్యి పట్టుకుంది.

"వచ్చినాడప్పా. ఈతూరి నువ్వేం చెప్పొద్దు ఆయప్పకి."

శనివారం బస్సు చప్పుడు విన్నప్పుడు వెలిగే మొహం అది. నాకు కథ తోచలేదు. నర్సమ్మా అని అరిచాను. ఆమె పరుగున వచ్చి నరానికి సూది వేసింది. ఒంటేలు సంచి నిండేకొద్దీ రొప్పు తగ్గింది.

సాయంత్రానికి అత్త ఊపిరి కుదుటపడింది. తలుపు వైపు చూసింది. తర్వాత నా వైపు తిరిగింది.

"ఎళ్ళగొట్టేస్తివి కదరా."

ఆసుపత్రి నుంచి పంపించిన రోజు పుంగనూరు బస్సెక్కాం. అత్త కిటికీ పక్కన కూర్చుని, పక్క సీట్లో, ఎవరికో ఆపినట్టు, తన సంచి పెట్టుకుంది. ఊరొచ్చేదాకా నేను నిలబడే వచ్చాను.